చోటు చూపని విమర్శనము

ఒకరు వ్రాసినదానిని చదివి మఱియొకరు తమ యభిప్రాయమును దెలుపుట మన పాఠశాలలో నిత్యము జరుగు పనియే. తరగతి వ్రాతపత్రికయందును, వ్యాసరచన పోటీలయందును, సాహిత్యసంఘ సమావేశములయందును ఈ పని మనకు తప్పదు. అయినను ఆ యభిప్రాయములను చెవియొగ్గి వినినచో నాలుగైదు మాటలే మరల మరల వినవచ్చుచుండును. "శైలి బాగున్నది", "భావము చాలదు", "సహజముగ లేదు", "ఇంకను చక్కగ వ్రాయవచ్చును" అను మాటలే యవి. వీనిలో నేదియు నసత్యమని నేననను. కాని యివి యే రచనకైనను అతుకును. అన్ని రచనలకును అతుకు మాట యే యొక్క రచనను గూర్చియు చెప్పినది కాదు. విమర్శించువాడు తాను మాటలాడుచున్నది యే పుటను గుఱించియో, యే వాక్యమును గుఱించియో వ్రేలుపెట్టి చూపవలెనని నా యభిప్రాయము.

ఈ యభిప్రాయము నాకు నేను చేసిన యొక తప్పువలన గలిగినది. కొన్ని సంవత్సరముల క్రిందట నేనీ పాఠశాలలోనే చదువుచుండగా, నా సహాధ్యాయి యొకడు తన తాతగారి మరణమును గూర్చి చిన్న కథ వ్రాసి, వ్రాతపత్రికకు పంపుటకు ముందు నాకు చదువ నిచ్చెను. నేను దానిని ఒక్కసారి చదివి, అడుగున "కథ కృత్రిమముగ నున్నది" అని వ్రాసి యిచ్చివేసితిని. అతడు మాఱుమాట పలుకక, ఆ కాగితములను నా బల్లమీదనే విడిచి వెడలిపోయెను. కథ పత్రికలో రాలేదు. అటుతరువాత అతడేమైన వ్రాసినట్లు నేనెఱుగను.

నేను ఉపాధ్యాయుడనై మరల నిచ్చటికి వచ్చిన పిమ్మట, ఒకనాడు పాత పుస్తకములు సర్దుచుండగా ఆ కాగితములు చేతబడినవి. ఈసారి కృత్రిమత్వ మెక్కడ నున్నదో చూడవలెనని, చేత పెన్సిలు బట్టి చదివితిని. మొత్తము నాలుగు పుటల కథ. తాతగారు పోయిన మఱునాడు ఆయన చేతికఱ్ఱ తలుపుమూల నెప్పటివలెనే యుండెననియు, దానిని తీయుటకు ఇంటిలో నెవ్వరికిని చేతులు రాలేదనియు వ్రాసినంతవఱకు కథ నిజముగ నడచినది. దాని తరువాత జీవితము నీటిబుడగ యనియు, మృత్యువు అనివార్యమనియు ఐదు వాక్యముల యుపన్యాస మున్నది. దోషమంతయు నా యైదు వాక్యములలోనే యున్నది. వానిని కొట్టివేసి చేతికఱ్ఱతో ముగించినచో ఆ కథ మా పత్రికకు అలంకారమై యుండెడిది. నేను ఐదు వాక్యముల మచ్చను నాలుగు పుటలకును పులిమితిని. అంతకంటె పెద్ద తప్పేమనగా, ఆ చేతికఱ్ఱ మాట యెంత మంచిదో అతనితో చెప్పకపోతిని.

నాడి చూడక మందిచ్చు వైద్యునికిని, చోటు చూపక తీర్పు చెప్పు విమర్శకునికిని భేదము లేదు. నొప్పి యెక్కడనో తెలిసినగాని చికిత్స లేదు. పూర్వపు పండితులు ఈ సంగతి చక్కగ నెఱిగినవారు. తెలుగువాడైన మల్లినాథసూరి కాళిదాసుని కావ్యములకు వ్యాఖ్యానము వ్రాయునప్పుడు, ఆధారము లేనిదేదియు వ్రాయనని ముందుగనే మాట యిచ్చి, ఒక్కొక్క శ్లోకమును చేతబట్టి పదము పదమునకును అర్థము చెప్పెను. ఆయనతో నేకీభవింపనివారు సయితము ఆయన యే పదమును గూర్చి పలుకుచున్నాడో యెఱుగుదురు.

పాశ్చాత్య దేశములలో ముద్రాపకులే యీ సౌకర్యమును గల్పించిరి. రాబర్టు ఎస్టియెన్ అను ముద్రాపకుడు 1551లో జెనీవా నగరమున అచ్చువేసిన క్రొత్తనిబంధనలో వచనములకు సంఖ్యలు వేసెను. నేడు మనము అధ్యాయమును, వచనమును చెప్పగనే యెవరైనను ఆ చోటు తెఱచి చూడగలుగుట ఆ పద్ధతివలననే. ఆయన కుమారుడు హెన్రీ ఎస్టియెన్ 1578లో ప్లేటో గ్రంథములను ముద్రించి, ప్రతి పుటను అక్షరముల గుఱుతులతో భాగములు చేసెను. నేటికిని పండితులు ఏ ముద్రణమును, ఏ భాషాంతరీకరణమును చదివినను, ప్లేటో మాటను పేర్కొనునప్పుడు ఆ పుటసంఖ్యలనే చూపుదురు. ఇందలి కీలక మొక్కటియే: చెప్పిన మాట నిజమో కాదో వినువాడు స్వయముగ చూచుకొనవలెను.

ఇది న్యాయమునకు సంబంధించిన విషయము గూడ. "నీ శైలి బాగులేదు" అన్నచో వ్రాసినవాడు తలవంచుకొనుటకంటె చేయగలది లేదు. "రెండవ పుటలో మూడవ వాక్యమున 'అతడు' అన్నది తండ్రినా, కొడుకునా, నాకు తెలియలేదు" అన్నచో, అతడు దిద్దుకొనవచ్చును. లేదా "పై పంక్తిలో పేరు చెప్పితిని, నీవు చూడలేదు" అని జవాబు చెప్పవచ్చును. చోటు చూపిన విమర్శకుడు తానును పరీక్షకు నిలుచుచున్నాడు. చోటు చూపనివాడు పుస్తకము చదివెనో లేదో గూడ మనకు తెలియదు.

ఇట్లు చేసినచో విమర్శనము తప్పులపట్టిక యగునని కొందఱందురు. రంధ్రాన్వేషణ చేయుమని నేను చెప్పుట లేదు. మంచి చోటును గూడ అంత నిర్దిష్టముగనే చూపవలెను. తన రచనలో నేది ప్రాణముగలదో తెలియనివాడు, దిద్దుబాటులో దానినే కొట్టివేయవచ్చును. మఱికొందఱు "దోషము వాక్యమునందు గాక మొత్తము నిర్మాణమునందున్నచో నెట్లు?" అని యడుగుదురు. అప్పుడును చోటు లేకపోదు. చదువువానికి త్రోవ తప్పిన మొదటి పేరా యొకటి యుండును, దానిని చూపవచ్చును. అయితే వాక్యమును దాని యిరుగుపొరుగు వాక్యములనుండి వేఱుచేసి నిందింపరాదు. అట్టి నింద అబద్ధముతో సమానము.

కావున మిత్రుని రచన మీ చేతికి వచ్చినప్పుడు రెండుసార్లు చదువుడు. మీకు నచ్చిన వాక్యమొకటి, మీరు తడబడిన వాక్యమొకటి యెత్తి వ్రాయుడు. అచ్చట మీకేమి తోచెనో చెప్పుడు. దానిని మీ మాటలతో తిరిగి వ్రాసి యీయకుడు. ఆ పని వ్రాసినవానిది. తీర్పు చెప్పుటకు తొందరపడకుడు. నేనును మీ వ్యాసముల యడుగున ఎఱ్ఱసిరాతో "బాగు", "చాలదు" అని మాత్రము వ్రాసి యిచ్చిన దినమున, చోటు చూపుమని నన్నడుగుడు. అడుగుటకు మీకు హక్కు గలదు.

నా సహాధ్యాయి యిప్పుడు దూరదేశమున నుద్యోగము చేయుచున్నాడు. ఈ సంచికతోకూడ ఆ నాలుగు పుటలను అతనికి పంపుచున్నాను. నేను నాడు వ్రాసిన మాటను కొట్టివేసి, చేతికఱ్ఱ వాక్యము క్రింద గీత గీచితిని.