ఎనిమిది గంటలకే కనీస వేతనం: సెక్యూరిటీ గార్డుల ప్రణాళిక

హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ల గేట్ల దగ్గర, ఆస్పత్రుల క్యాజువాలిటీల ముందు, ఏటీఎంలలో, గోదాముల్లో, ఐటీ కంపెనీల బూమ్ బారియర్ల పక్కన డ్యూటీ చేసేవాళ్లం మేము. మాలో శ్రీకాకుళం వాళ్లున్నారు, మహబూబ్‌నగర్ వాళ్లున్నారు, ఒడిశా, బిహార్, అస్సాం నుంచి వచ్చినవాళ్లున్నారు. వ్యవసాయం కలిసిరాక వచ్చినవాళ్లు, డిగ్రీ చదివి వచ్చినవాళ్లు, మిలిటరీ నుంచి రిటైరైనవాళ్లు ఉన్నారు. యూనిఫాంల రంగులు వేరు, ఏజెన్సీల పేర్లు వేరు. జీతం దగ్గరికొచ్చేసరికి అందరి గొడవా ఒకటే. అందుకే కలిసి కూర్చుని ఈ ప్రణాళిక రాసుకున్నాం.

ముందు 12 గంటల సంగతి తేలాలి. మిగతావన్నీ దాని తర్వాతే.

మా పనిలో ఒక డ్యూటీకి 12 గంటలు. పొద్దున ఎనిమిదికి ఎక్కితే రాత్రి ఎనిమిదికి దిగాలి. రిలీవర్ రాకపోతే అదీ లేదు, డబుల్ డ్యూటీయే. ఈ 12 గంటల రోజు ఏ చట్టంలోనూ లేదు. చట్టంలో ఉన్నది వారానికి 48 గంటలు, ఆపైన చేసిన ప్రతి గంటకూ రెట్టింపు కూలి. 12 గంటల చొప్పున ఆరు రోజులు చేస్తే 72 గంటలు. అదనంగా చేసిన 24 గంటలకు రెట్టింపు కడితే అది 48 గంటల కూలి అవుతుంది. అంటే 12 గంటల డ్యూటీ చేసే గార్డుకు చట్టం ప్రకారం వారానికి రెండు వారాల జీతం రావాలి. మాకు వస్తున్నది ఒక్క వారానిది. చాలామందికి అదీ పూర్తిగా రాదు.

ఇదే లెక్కను గేటు వైపు నుంచి చూడండి. ఒక గేటుకు ఇద్దరిని 12 గంటల చొప్పున పెట్టి న్యాయంగా కడితే నాలుగు జీతాలవుతాయి. ముగ్గురిని ఎనిమిది గంటల చొప్పున పెడితే మూడు జీతాలతో సరిపోతుంది. డబ్బు కట్టేవాళ్లకు కూడా మూడు షిఫ్టులే చవక. రెండు షిఫ్టులు చవక అవుతున్నాయంటే ఓవర్‌టైమ్ ఎగ్గొడుతున్నారన్నమాట, ఇంకో కిటుకేమీ లేదు. కాబట్టి మా మొదటి డిమాండ్: జీవోలో కనీస వేతనం పక్కన 8 గంటలకు అని స్పష్టంగా అచ్చువేయాలి. 12 గంటల షిఫ్టుకు ఒక రోజు కూలి కోట్ చేసిన టెండర్‌ను తెరిచిన చోటే పక్కన పెట్టాలి.

ఇక రేటు ఎంత ఉండాలి? ఆకాశానికి నిచ్చెన వేయడం లేదు, ప్రభుత్వం ఇప్పటికే ఒప్పుకున్న అంకెనే అడుగుతున్నాం. కేంద్ర ప్రభుత్వ పరిధిలోని పనులకు 2024 అక్టోబర్ 1 నుంచి ప్రకటించిన కనీస వేతనాల్లో, ‘ఎ’ కేటగిరీ నగరాల్లో ఆయుధం లేని గార్డుకు రోజుకు 954 రూపాయలు, నెలకు 24,804. ఆయుధం ఉన్న గార్డుకు రోజుకు 1,035. హైదరాబాద్ ఈ ‘ఎ’ కేటగిరీలోనే ఉంది. అదే నోటిఫికేషన్ ఆయుధం లేని గార్డును స్కిల్డ్ కార్మికుడితో సమానంగా లెక్కగట్టింది. రోడ్డుకు ఈ పక్క కేంద్ర సంస్థ గేటు, ఆ పక్క ప్రైవేటు ఆస్పత్రి గేటు. ఇద్దరూ బీట్ తిరిగేదీ, రిజిస్టర్ రాసేదీ, తాగి వచ్చినవాడి తిట్లు తినేదీ ఒకే తీరు. జీతాలు మాత్రం ఒకే ఊరివిగా కనిపించవు. రాష్ట్రం నిర్ణయించే వేతనం హైదరాబాద్‌లో కేంద్రం రేటుకు ఒక్క రూపాయి కూడా తగ్గకూడదన్నది మా రెండో డిమాండ్. విశాఖపట్నం, విజయవాడ గార్డుల కోసం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాన్ని అడిగేదీ ఇదే పద్ధతి, అక్కడి కేంద్ర రేటు లెక్కన.

మమ్మల్ని అన్‌స్కిల్డ్ అని టెండర్లో రాసే అధికారులకు ఒక ప్రశ్న. 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం ప్రకారం శిక్షణ లేనివాడిని గార్డుగా పెట్టుకోకూడదు. కేంద్రం ఇచ్చిన మోడల్ రూల్స్‌లో 100 గంటల క్లాసు, 60 గంటల ఫీల్డ్ శిక్షణ అని ఉంది. ఏ నైపుణ్యమూ అక్కర్లేని పనికి 160 గంటల శిక్షణ ఎందుకు పెట్టినట్టు? ఆ శిక్షణను కాగితం మీదే ముగించే ఏజెన్సీలు ఉన్నాయని మాకు తెలుసు. ఆ నేరం ఏజెన్సీది, దానికి మా రేటు కోస్తే ఎలా?

రేటు నిర్ణయించగానే చేతికి రాదని కూడా చూశాం. 2021 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం సెక్యూరిటీ సర్వీసుల కనీస వేతనాలు సవరిస్తూ జీవో ఇచ్చింది. అది గెజిట్‌లో అచ్చుకాలేదు. గెజిట్‌కెక్కని వేతనం ఇమ్మని ఏ ఏజెన్సీనీ నిలదీయలేం. అచ్చు వేయించమని కార్మిక సంఘాలు హైకోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. ఐదేళ్లకు మించకుండా వేతనాలు సవరించాలన్నది 1948 నుంచీ ఉన్న నియమం. సంతకమైన జీవో నెల తిరిగేలోగా గెజిట్‌లో రావాలి, ధరలను బట్టి ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో పెరిగే కరువు భత్యం (వీడీఏ) ఆ నెల జీతంలోనే పడాలి.

ఇప్పుడు జీతం స్లిప్ సంగతి. స్లిప్ ఇచ్చే ఏజెన్సీలు తక్కువ, ఇచ్చినచోట దాన్ని ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. బేసిక్, వీడీఏ గళ్లలో జీవో అంకెలే ఉంటాయి, వేలెత్తి చూపడానికి ఉండదు. డ్యూటీల గడిలో 26 అని ఉంటుంది. గేటు దగ్గరి అటెండెన్స్ రిజిస్టర్‌లో మాత్రం అదే మనిషివి 30 సంతకాలు, ఒక్కోటి 12 గంటలకు. పీఎఫ్‌లో ఏజెన్సీ కట్టాల్సిన వాటా కూడా మా జీతంలోంచే పోయి ఉంటుంది. యూనిఫాం, బూట్లు, బెల్టు, చివరికి విజిల్‌కు కూడా కటింగ్. కొన్నిచోట్ల జీతం బ్యాంకులో పూర్తిగానే పడుతుంది, మర్నాడు ఫీల్డ్ ఆఫీసర్ వచ్చి కొంత వెనక్కి తీసుకుపోతాడు. ఏటీఎం కార్డులు తన జేబులోనే పెట్టుకు తిరిగేవాళ్లూ ఉన్నారు. చట్టంలో పేరున్న కోతలు తప్ప వేరే కోత చెల్లదు. ఆ పట్టికలో యూనిఫాం లేదు, విజిల్ అసలే లేదు.

ఇంత జరుగుతున్నా పట్టుబడేది ఎవరు? ఏజెన్సీని అడిగితే క్లయింట్ బిల్లు ఇవ్వలేదంటుంది. క్లయింట్‌ను అడిగితే నువ్వు మా మనిషివి కాదు, ఏజెన్సీని అడుగు అంటాడు. గేటు తీయడంలో ఒక్క నిమిషం ఆలస్యమైతే మాత్రం మేము క్లయింట్ మనుషులమే. కాంట్రాక్టర్ జీతం ఇవ్వకపోతే పని చేయించుకున్న అసలు యజమాని కట్టాలని 1970 నాటి కాంట్రాక్ట్ లేబర్ చట్టమే చెప్పింది. సర్వీస్ చార్జి సున్నా అని కోట్ చేసి టెండర్ దక్కించుకున్న ఏజెన్సీ దేని మీద బతుకుతుందో అతి తక్కువ కోట్ (ఎల్-1)గా ఎంపిక చేసిన అధికారికి తెలియదా? అలాంటి కోట్ మీద సంతకం పెట్టినవాళ్లు మా జీతంలో కోతకూ సంతకం పెట్టినట్టే. అందుకే వేతనం తగ్గితే మొదటి నోటీసు యజమానికే వెళ్లాలంటున్నాం. ఏజెన్సీ లైసెన్సు సంగతి కూడా తేలాలి. కనీస వేతనాల చట్టం ఉల్లంఘిస్తే లైసెన్సు రద్దు చేయవచ్చని 2005 చట్టంలోనే ఉంది. ఆ అధికారాన్ని వాడమనే మా డిమాండ్.

మెయింటెనెన్స్ పెరుగుతుందని అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు అంటాయి. నిజమే, పెరుగుతుంది. ఎంతో కూడా చెప్పుకుందాం. వంద ఫ్లాట్లకు ఒక గేటు, మూడు షిఫ్టులు, నెలకు 30 రోజులు, రోజుకు 954 చొప్పున 85,860 రూపాయలు. పీఎఫ్, ఏజెన్సీ చార్జి, 18 శాతం జీఎస్టీ కలిపితే ఫ్లాటుకు సుమారు 1,200. (మా జీతం సంగతి ఎలా ఉన్నా, మా బిల్లు మీద పన్ను మాత్రం సర్కారుకు పైసలతో సహా చేరాల్సిందే.) ఇది భరించలేని కాలనీలు ఉంటాయని ఒప్పుకుంటాం. అలాంటివాళ్లు రాత్రి ఒక్క షిఫ్టుకే మనిషిని పెట్టుకోవచ్చు. 24 గంటల కాపలా కావాలి, జీతం మాత్రం ఒక పూటదే ఇస్తామంటే కుదరదు. యజమాని ఇచ్చుకోగలడా లేదా అన్నది కనీస వేతనానికి కొలత కాదని సుప్రీంకోర్టు 1961లోనే, కేరళ పెంకుల ఫ్యాక్టరీల కేసులో చెప్పింది. కనీస వేతనం కన్నా తక్కువిచ్చి పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టితో సమానమని 1982లో ఆసియాడ్ నిర్మాణ కార్మికుల కేసులో తేల్చింది.

సెల్లార్‌లో గది ఇచ్చి భార్యాభర్తలిద్దరితో పని చేయించుకుని ఒకరికే జీతమిచ్చే వాచ్‌మన్ కొలువుల్ని కూడా జీవోలో పేరు పెట్టి చేర్చాలి. గది కిరాయి జీతంలోంచి కోయకూడదు. మెట్లు ఊడ్చి, చెత్త తీసే ఆడమనిషికి ఆమె పేరు మీద, ఆమె ఖాతాలో జీతం పడాలి. మాల్స్‌లో, ఆస్పత్రుల్లో తనిఖీలు చేసే మహిళా గార్డులకు సమాన వేతనంతో పాటు డ్యూటీ పాయింట్‌కు దగ్గర్లో బాత్రూం ఉండాలి. కార్లు కడగడం, గ్యాస్ బండలు మోయడం గార్డు పని కాదు. కుర్చీ మా అందరికీ కావాలి. కూర్చునే హక్కు కోసం కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణాల చట్టాలు సవరించుకున్నాయి. మన దగ్గర మాత్రం నిద్రపోతాడని రాత్రి కుర్చీ తీసి లోపల పెట్టే సూపర్‌వైజర్లున్నారు.

ఇవన్నీ నిలబడాలంటే ఏజెన్సీ మారినా మనిషి సర్వీసు పోని ఏర్పాటు కావాలి. మహారాష్ట్ర 1981లో ప్రైవేటు గార్డుల కోసం ప్రత్యేక చట్టం చేసింది. ముంబైలో గార్డు ఆ చట్టం కింద ఏర్పడిన బోర్డులో రిజిస్టర్ అవుతాడు, యజమాని జీతాన్నీ దాని మీద లెవీనీ బోర్డుకు కడతాడు, బోర్డు గార్డుకు ఇస్తుంది. అక్కడా లోపాలున్నాయి, బోర్డు బయట పనిచేసేవాళ్లు చాలామందే ఉన్నారు. అయినా జీతం దళారీ చేతిలోంచి రాని దారి అది. తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో అలాంటి బోర్డులు పెట్టాలి, వాటిలో సగం మంది గార్డుల ప్రతినిధులు ఉండాలి.

అడిగేవే కాదు, మేము చేసేవీ కొన్నున్నాయి. అంకె వేయని వోచర్ మీద ఇకపై మాలో ఎవరూ సంతకం పెట్టరు. ప్రతి ఒక్కరం సొంత నోట్‌బుక్‌లో డ్యూటీ ఎక్కిన టైమ్, దిగిన టైమ్ రాసుకుంటాం, అటెండెన్స్ రిజిస్టర్ పేజీని నెలాఖరున ఫోన్లో ఫొటో తీసి పెట్టుకుంటాం. జీతం అడిగినందుకు ఒకరిని తీసేసిన పాయింట్‌కు ఇంకొకరం డ్యూటీకి వెళ్లం. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం మూడేళ్ల వెనకటి బకాయి దాకా క్లెయిమ్ వేయవచ్చు. చదువు రానివాళ్ల తరఫున రాసిపెట్టడానికి ఆదివారం పూట మాలో ఇద్దరేసి కూర్చుంటారు. వచ్చేవాళ్లు నోట్‌బుక్, బ్యాంకు పాస్‌బుక్, ఐడీ కార్డు తెచ్చుకోవాలి.