గుడ్లు తెచ్చే ముందు ఆకు తూచండి

పట్టు పంట పోతే మనవాళ్లు మొదట తిట్టేది గుడ్లను. తర్వాత ఎండనో, వాననో. తోట వైపు తిరిగి చూసేవాళ్లు తక్కువ. హిందూపురం, మడకశిర వైపు ఏ ఊరికి వెళ్లినా ఇదే తంతు.

రైతు సోదరులారా! పట్టుపురుగు మల్బరీ ఆకు తప్ప మరొకటి తినదు, విడిగా నీళ్లూ తాగదు. దాని ఒళ్లయినా, అది తీసే దారమయినా ఆకులోంచి రావలసిందే. పట్టుదారంలోని మాంసకృత్తుల్లో సుమారు 70 శాతం నేరుగా ఆకు నుంచి వచ్చేవేనని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. ఆకులో సత్తువ లేకుంటే గూటిలో బరువెక్కడిది?

చాకీ పురుగుకు 75-80 శాతం నీరున్న లేతాకు వెయ్యాలి. ముదురాకు వేస్తే కొన్ని ముందు, కొన్ని వెనక జ్వరానికి పోతాయి. ఆ తేడా గూడు కట్టేదాకా వదలదు. నాలుగో జ్వరం లేచాక కాస్త ముదిరిన ఆకు పనికొస్తుంది, పండుటాకు మాత్రం పనికిరాదు. పురుగు మొత్తం తినే ఆకులో 80 శాతం పైగా ఈ ఆఖరి వారం రోజుల్లోనే తింటుంది.

మన రైతు దెబ్బతినేది ఇక్కడే. తోటకు మించి గుడ్లు తెచ్చుకుంటాడు. ఆకు చాలక పక్కూరికి పరిగెత్తుతాడు. దుమ్ము పట్టిందో, తడిసిందో, పక్క టమోటా చేలో కొట్టిన మందు పడిందో చూసుకోడు. దొరికింది కోసుకొచ్చి వేస్తాడు. మందు తగిలితే తెల్లారేసరికి తట్టలు ఖాళీ. పురుగు బతికినా గూడు పలచన. మార్కెట్లో రీలరు గూడు నొక్కి చూస్తాడు, ధర అక్కడే తేలిపోతుంది.

100 గుడ్లకు ఇంచుమించు టన్ను ఆకు కావాలి, బైవోల్టిన్‌కు ఇంకాస్త ఎక్కువే. తోటలో నాలుగు చోట్ల పదేసి మొక్కల ఆకు కోసి తూచండి. ఎన్ని గుడ్లు తేవాలో ఆ తూకమే చెబుతుంది. వి-1 నాటాం కదా అని ధీమా పడొద్దు. ఎరువు, నీరు అందకుంటే ఏ రకమైనా ఒకటే. ఎకరాకు ఏడాదికి 8 టన్నుల పశువుల ఎరువు తప్పనిసరి. ఆకు పొద్దున్నో, సాయంత్రమో కోసి తడి గోనె కప్పి ఉంచండి. మిట్టమధ్యాహ్నం కోస్తే వాడిపోతుంది.

అధికారులకూ ఓ మాట. షెడ్లకు, తట్టలకు రాయితీ ఇస్తున్నారు, మంచిదే. ఆ షెడ్డు కిందికి వచ్చే ఆకు ఎలాంటిదో ఎవరు చూడాలి? రాయితీ రాసే ముందు తోట మట్టి పరీక్ష చేయించండి. సత్తువ లేని తోట పక్కన ఎంత మంచి షెడ్డు కట్టినా రైతుకు మిగిలేది అప్పే.