ఈ నెల మాట: నిండు మనసుతో వెదకడం

ఈ సంచిక మీ చేతికి అందేనాటికి బ్రిటన్‌లో సాయంత్రం నాలుగింటికే దీపాలు వెలిగించుకుంటూ ఉంటాము. చర్చీలలో ఆగమన కాలం కూడా మొదలై ఉంటుంది. నవంబరు 30కి దగ్గరగా వచ్చే ఆదివారంతో ఆరంభమై క్రిస్మస్ ముందునాటి దాకా సాగే ఈ రోజులను ఇక్కడివారు ఆడ్వెంట్ అంటారు. 'రాక' అని అర్థమిచ్చే లాటిన్ మాట నుంచి వచ్చిన పేరు అది. మన లూథరన్, సి.ఎస్.ఐ., కతోలిక కుటుంబాలవారికి చిన్ననాటి నుంచీ తెలిసిన కాలమే. తక్కిన మిత్రులకు కొంత కొత్తగా ఉండవచ్చు గనుక ఈ నెల నాలుగు మాటలు దాన్ని గురించి చెప్పుకుందాము.

పూర్వం ఇది పండుగ సందడి కాలం కాదు, ఉపవాసాల కాలం. 5వ శతాబ్దంలో నేటి ఫ్రాన్సులోని తూర్ నగరానికి బిషప్పుగా ఉన్న పెర్పెట్యుయస్, నవంబరు 11 నుంచి క్రిస్మస్ వరకు వారానికి మూడు రోజులు ఉపవాసం ఉండాలని నియమం పెట్టారు. 19వ శతాబ్దంలో జర్మనీలోని లూథరన్ కుటుంబాలవారు తలుపు మీద సుద్దముక్కతో గీతలు గీసి, రోజుకొకటి చెరుపుతూ పండుగ కోసం ఎదురుచూసేవారట. ఆ గీతలే కాలక్రమాన ఈనాటి పిల్లల ఆడ్వెంట్ క్యాలెండరు అయినాయి. కిటికీ తెరిస్తే చాక్లెట్ ఉంటుంది! మన ధనుర్మాసం కూడా డిసెంబరు నడిమికే వస్తుంది. తెల్లవారుజామున లేచి రోజుకొక తిరుప్పావై పాశురం చదివే ఇళ్ళవారికి, పండుగకు ముందు మనసును సిద్ధం చేసుకోవడం అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

ఈ కాలంలో తరచుగా వినబడే మాట 'దేవుణ్ణి పూర్ణ హృదయంతో వెదకడం'. బైబిలులో ఈ మాట చాలా చోట్ల ఉన్నా, యిర్మీయా గ్రంథం 29వ అధ్యాయంలో ఉన్నచోటు మనవంటి ప్రవాసులకు బాగా దగ్గరిది. ఎందుకంటే అది పరాయిదేశంలో ఉన్నవారికి స్వదేశం నుంచి వచ్చిన ఒక ఉత్తరం.

క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేమును లొంగదీసుకొని, రాజును, అధికారులను, పనివారిని చెరపట్టి తీసుకుపోయాడు. తరువాతి కాలంలో అదే దారిన తిరిగి వచ్చిన ఎజ్రాకు ప్రయాణం నాలుగు నెలలు పట్టింది. అంత దూరాన ఉన్నవారి మనసు ఎక్కడ ఉంటుంది? యెరూషలేములో ఆలయం ఇంకా నిలిచే ఉంది. దేవుడు అక్కడున్నాడు, మనం ఇక్కడున్నాము అనుకునేవారు. పైగా హనన్యా అనే ప్రవక్త, రెండేళ్ళలో అందరూ తిరిగి వచ్చేస్తారని ప్రకటించాడు. వినడానికి ఎంత హాయిగా ఉంటుందో ఊహించండి.

యిర్మీయా రాసిన ఉత్తరంలో ఆ హాయి లేదు. రెండేళ్ళు కాదు, డెబ్బై ఏళ్ళన్నాడు. ఇళ్ళు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పిల్లలకు పెళ్ళిళ్ళు చేయండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి, దాని క్షేమమే మీ క్షేమం అన్నాడు. నిండు హృదయంతో వెదకితే దేవుడు దొరుకుతాడన్న మాట కూడా ఆ ఉత్తరంలోనిదే. ఆలయం లేనిచోట, గుడిగంట వినబడని చోట ఉన్నవారికి అది ఎంత పెద్ద మాట!

హనన్యా చెప్పిన రెండేళ్ళ లెక్క మనకు తెలియనిది కాదు. 'రెండేళ్ళు చూసి వెళ్ళిపోదాం' అని వచ్చినవారిలో ఇక్కడే మనవలను ఎత్తుకున్నవారు ఎందరో ఉన్నారు. అలా రావడంలో తప్పేమీ లేదు. చిక్కల్లా మనసు విషయంలో వస్తుంది. అప్పు తీరాక, ఇల్లు కొన్నాక, పిల్ల చదువు అయ్యాక, ఊరికి వెళ్ళాక నింపాదిగా ప్రార్థన చేసుకుందామని వాయిదా వేస్తాము. ఊళ్ళో సగం, ఇక్కడ సగంగా బతికే మనం దేవుడికి మిగిలిందేదో ఇస్తాము. చివరికి ఆ మిగిలేది కూడా మిగలదు.

హీబ్రూలో హృదయానికి వాడే 'లేవ్' అన్న మాటకు ఉద్వేగం ఒక్కటే అర్థం కాదు. ఆలోచన, నిర్ణయం కూడా అందులో భాగమే. కాబట్టి పూర్ణ హృదయం అంటే కన్నీరు కార్చడమని కంగారుపడనక్కరలేదు. తెలిసినదాని కోసం లేచి అడుగు వేయడం అందులో ఉంది.

క్రిస్మస్ కథలోనే దీనికి మంచి సాక్ష్యం ఉంది. తూర్పుదేశపు జ్ఞానులు ఎంతో దూరం నుంచి వచ్చి, పుట్టిన రాజు ఎక్కడున్నాడని యెరూషలేములో అడిగారు. ప్రధాన యాజకులు, శాస్త్రులు మీకా గ్రంథం చూసి, బేత్లెహేము అని తడుముకోకుండా చెప్పారు. బేత్లెహేము అక్కడికి సుమారు 9 కిలోమీటర్లు, రెండు మూడు గంటల నడక. చెప్పినవారిలో ఒక్కరైనా బయలుదేరినట్టు మత్తయి రాయలేదు. హేరోదు కూడా వెదకమన్నాడు, కానీ చంపడానికి. వెళ్ళింది పరదేశులే. మనలో బైబిలు బాగా తెలిసినవారు, మాతో సహా, ఈ కథలో శాస్త్రుల దగ్గర కాస్త ఆగి చదవడం మంచిది.

డిసెంబరులో మనకు పనులకు కొదువ లేదు. హాలు అద్దెకు తీసుకోవాలి, క్యారల్స్ సాధన చేయాలి, స్టారు కట్టాలి, బిర్యానీ లెక్క చూడాలి. ఇవన్నీ చేద్దాము, సంతోషంగానే చేద్దాము. వాటితోపాటు మూడు చిన్న పనులు కూడా పెట్టుకుందాము. ఇల్లు లేవకముందు పావుగంట మౌనంగా కూర్చోవడం ఒకటి. పొలం గట్టు తగాదాతో మాటలు ఆగిపోయిన అన్నగారికో, చెల్లెలికో పండుగకు ముందే ఫోను చేయడం రెండవది. మనమున్న ఈ ఊరి క్షేమం కోసం ప్రార్థించి, గది అద్దెకు తీసుకొని ఒంటరిగా ఉంటున్న ఒక తెలుగు విద్యార్థిని భోజనానికి పిలవడం మూడవది. ఏ మతంవారైనా చేయదగిన పనులే ఇవి.

ఊరికి వెళ్ళేదాకా ఆగనక్కరలేదని ఆ పాత ఉత్తరం చెబుతోంది. పాఠక మిత్రులందరికీ ముందుగా క్రిస్మస్ శుభాకాంక్షలు.