పెద్ద కంప్యూటరుకి ఏ సర్దుడు బాగుంటుంది?

తెనాలి నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఈ వారమంతా నా మనసులో మెదులుతూనే ఉంది. వాళ్ళబ్బాయి ఇంజనీరింగ్ చదివే రోజుల్లో ముచ్చటపడి ఒక పెద్ద కంప్యూటర్ కొనిపించుకున్నాడట. 32 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు, 27 అంగుళాల తెర. ఇప్పుడతను ఉద్యోగానికి పుణె వెళ్ళిపోయాడు, మిషను హాల్లో మిగిలింది. అందులో ఉన్నది విండోస్ కాదు, లినక్స్. ఈవిడ ఇంట్లోంచే పచ్చళ్ళ ఆర్డర్లు తీసుకుంటారు. ఆ లెక్కలు, చిరునామాలు అందులో రాసుకోవాలని ఆశ.

"ఏది నొక్కితే ఏమవుతుందోనని భయం. ప్రతిదానికీ రాత్రి తొమ్మిదింటికి అబ్బాయికి ఫోన్ చేయాలి. వాడు విసుక్కోడు గానీ నాకే చిన్నతనంగా ఉంటుంది. మా వారేమో నీకెందుకు అంత మిషను, అమ్మేద్దాం అంటున్నారు. డెస్క్‌టాప్ మారిస్తే సులువవుతుందని ఎవరో చెప్పారు. అంటే ఏమిటి? ఏది పెట్టుకోమంటారు?" అని అడిగారు.

అమ్మకండమ్మా! ముందు ఇది చదవండి.

అసలు డెస్క్‌టాప్ అంటే...

లినక్స్ అనేది లోపల పనిచేసే యంత్రాంగం. 1991లో ఫిన్లాండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టాడు. మనకి తెర మీద కనిపించే మెనూ, బొమ్మలు, కిటికీలు, అడుగున ఉండే పట్టీ, వీటన్నిటినీ కలిపి డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంట్ అంటారు. విండోస్‌లో వాళ్ళిచ్చింది వాడుకోవడమే. లినక్స్‌లో ఇలాంటివి చాలా ఉన్నాయి, నచ్చింది ఎంచుకోవచ్చు. వంటిల్లు ఒకటే, గ్యాసూ కుళాయీ ఎక్కడివక్కడే ఉంటాయి. పోపులపెట్టె ఎక్కడ పెట్టాలి, ఏది చేతికందాలి అన్నది మన సర్దుడు. డెస్క్‌టాప్ అంటే ఆ సర్దుడే. దాన్ని మార్చినంత మాత్రాన మీరు రాసుకున్న లెక్కలు, ఫోటోలు ఎక్కడికీ పోవు.

నా తెలివితక్కువతనం కూడా వినండి

మా ఇంట్లోనూ పెద్ద మిషనే. పెట్టిన కొత్తలో "తేలికైన డెస్క్‌టాప్ అయితే హాయిగా నడుస్తుంది" అని ఎవరో అంటే ఎక్స్‌ఎఫ్‌సీఈ పెట్టించుకున్నాను. అది 1996 నుంచీ ఉన్నది, నెమ్మదస్తురాలు, పాత మిషన్లకి ప్రాణం పోస్తుంది. మాదేమో 4కే తెర. అక్షరాలు ఆవగింజల్లా కనిపించేవి. నాలుగు రోజులు చూసేసరికి తలనొప్పి. వయసు మీద పడిందనుకుని కళ్ళజోడు మార్పించుకున్నాను. అయినా తగ్గలేదు.

సంక్రాంతికి మా ఆడపడుచు కూతురు వచ్చి చూసి, "తప్పు నీ కళ్ళది కాదత్తయ్యా, డెస్క్‌టాప్‌ది" అని పకపకా నవ్వింది. అక్షరాల్ని రెండింతలు చేస్తే దిబ్బరొట్టెల్లా అయ్యాయి. మధ్యస్తంగా చేద్దామంటే మసకబారాయి. చివరికి ప్లాస్మా అనేది పెట్టి, సైజు 150 శాతం చేసింది. అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. కళ్ళజోడు డబ్బులు దండగ!

అప్పుడు తెలిసింది నాకు. ఖాళీగా ఉన్నప్పుడు తేలికైన డెస్క్‌టాప్ సుమారు ఒక జీబీ లోపు మెమరీ తీసుకుంటే, పెద్దవి ఒకటి నుంచి రెండు జీబీల దాకా తీసుకుంటాయి. 32 జీబీలు ఉన్నచోట ఆ తేడా ఎంతని? బ్రౌజర్లో పదిహేను పేజీలు తెరిస్తే అంతకన్నా ఎక్కువే పోతుంది. కాబట్టి పెద్ద మిషను ఉన్నవాళ్ళు "ఏది తేలిక" అని అడగక్కర్లేదు. "నా కంటికి ఏది హాయి, నా చేతికి ఏది అలవాటు" అని అడగాలి.

ముఖ్యమైనవి మూడు

మొదటిది సిన్నమన్. అంటే మన దాల్చినచెక్కే! తయారుచేసింది లినక్స్ మింట్ వాళ్ళు. మింట్ అంటే పుదీనా, అదీ మన వంటింటి సరుకే. 2011లో గ్నోమ్ అనే డెస్క్‌టాప్ తన రూపు పూర్తిగా మార్చేసుకుంటే, పాత పద్ధతే బాగుందన్న వాళ్ళ కోసం ఇది పుట్టింది. అడుగున పట్టీ, ఎడమ మూల మెనూ, కుడి మూల గడియారం. ఆఫీసులోనో ఇంటర్నెట్ సెంటర్లోనో విండోస్ చూసినవాళ్ళకి కొత్తగా నేర్చుకోవాల్సింది చాలా తక్కువ. చీటికీ మాటికీ మారదు. 2024లో వచ్చిన మింట్ 22కి 2029 దాకా భద్రతా మరమ్మతులు ఇస్తారు. లోటల్లా ఒకటే. అక్షరాల్ని 125, 150 శాతాలకి పెంచడంలోనూ, రెండు రకాల తెరలు పక్కపక్కన పెట్టుకోవడంలోనూ మిగతా రెండింటంత నేర్పు లేదు.

రెండోది ప్లాస్మా. ఇది కేడీఈ వాళ్ళది. 1996 అక్టోబర్ 14న జర్మనీలో మత్థియాస్ ఎట్‌రిష్ అనే విద్యార్థి, కంప్యూటర్ పండితులకే కాదు, మామూలుగా వాడుకునేవాళ్ళకీ అర్థమయ్యేలా ఉండాలని దీన్ని తలపెట్టాడు. ఇదీ అడుగున పట్టీతోనే వస్తుంది. అక్షరాల సైజు, రంగులు, పట్టీ స్థలం, ఏది కావాలంటే అది మార్చుకోవచ్చు. 2024 ఫిబ్రవరిలో ఆరో ప్లాస్మా వచ్చింది. కేడీఈ కనెక్ట్ అని ఒకటుంది. ఫోనూ కంప్యూటరూ ఒకే వైఫైలో ఉంటే, ఫోన్లో తీసిన పచ్చడి సీసాల ఫోటోలు వైరు లేకుండా కంప్యూటర్లోకి వచ్చేస్తాయి. మరి ఇబ్బంది ఏమిటంటారా? మార్చుకునే వీలు మరీ ఎక్కువ. మా పిల్లాడు ఆడుతూ ఆడుతూ అడుగు పట్టీనే తీసేశాడోసారి. కంగారుపడక్కర్లేదు, ఖాళీ తెర మీద రైట్ క్లిక్ చేసి ఎడిట్ మోడ్‌లోకి వెళ్తే కొత్త పట్టీ చేర్చుకోవచ్చు. కానీ ఆ సంగతి తెలిసేదాకా గుండెలో రాయి పడినట్టే!

మూడోది గ్నోమ్. 1997లో మెక్సికోలో ఇద్దరు కుర్రాళ్ళు మొదలుపెట్టారు. చూడ్డానికి తీరుగా, ముగ్గు వేసిన వాకిలిలా శుభ్రంగా ఉంటుంది. అయితే దాని పద్ధతి దానిదే. అడుగున పట్టీ ఉండదు, కిటికీని దాచే మినిమైజ్ గుర్తు కనిపించదు, తెర మీద బొమ్మలు పెట్టుకోనివ్వదు. ఉబుంటు వాళ్ళు మాత్రం ఎడమవైపు పట్టీ, మినిమైజ్ గుర్తూ చేర్చి ఇస్తారు. లేనివాటిని ఎక్స్‌టెన్షన్లతో తెచ్చుకోవచ్చు గానీ, గ్నోమ్ ఆర్నెల్లకోసారి కొత్తది వస్తుంది, అప్పుడు ఆ ఎక్స్‌టెన్షన్లు కొన్ని మొరాయిస్తాయి. ఉన్నదున్నట్టు వాడుకోగలిగితేనే దీని జోలికి వెళ్ళండి.

తెలుగులో రాయడం గురించి బెంగ వద్దు. మూడింటిలోనూ కీబోర్డు సెట్టింగుల్లో తెలుగు చేర్చుకోవచ్చు.

పెట్టించే ముందు రుచి చూడండి

చీర కొనేముందు భుజాన వేసుకుని చూస్తాం కదా, ఇదీ అంతే. కావలసినవి 8 జీబీ పెన్‌డ్రైవు ఒకటి, ఒక మధ్యాహ్నం తీరిక. పెన్‌డ్రైవులో ముందున్నవన్నీ చెరిగిపోతాయి, కాబట్టి పెళ్ళి ఫోటోలున్నది వాడకండి! తెలిసినవాళ్ళ చేత అందులోకి మింట్ ఎక్కించుకుని, దాంతోనే కంప్యూటర్ ఆన్ చేయండి. అసలు డిస్కు ముట్టుకోకుండా డెస్క్‌టాప్ మొత్తం కనిపిస్తుంది. నచ్చకపోతే పెన్‌డ్రైవు తీసేసి మళ్ళీ ఆన్ చేస్తే పాతది పాతట్టే. మర్నాడు ప్లాస్మా ఎక్కించి చూడండి. పెన్‌డ్రైవు మీంచి కాస్త నెమ్మదిగా నడుస్తుంది, అది డెస్క్‌టాప్ తప్పు కాదు.

చూసేటప్పుడు ఊరికే అందం చూడకండి. ఒక కాగితం మీద మీ పనులు ఐదు రాసుకోండి. లెక్కల పట్టిక తెరవడం, అందులో తెలుగులో ఒక పేరు రాయడం, ఫైలు దాచి మళ్ళీ వెతికి తీయడం, అక్షరాలు పెంచడం, చివరికి సరిగ్గా ఆపేయడం. ఎవరి సాయమూ లేకుండా ఐదూ రెండుసార్లు చేయగలిగారా? అదే మీ డెస్క్‌టాప్.

ఇక జాగ్రత్తలు రెండే. కొత్తది ఎక్కించే ముందు ఉన్న ఫైళ్ళన్నీ వేరే డిస్కులోకి తీసి పెట్టుకోండి. రెండోది, ఒకే మిషనులో రెండు మూడు డెస్క్‌టాపులు కుక్కకండి. ఒకే పనికి రెండేసి ప్రోగ్రాములు చేరి, ఏది ఎవరిదో తెలియక తికమకపడతారు. ఇంట్లో అందరికీ ఒక్కటే పెట్టి, ఎవరికి వారికి విడిగా లాగిన్ ఇస్తే పిల్లలు కెలికినా మీ సర్దుడు చెడదు.

తెనాలి సోదరికి

మీ తెర మామూలుదైతే సిన్నమన్ పెట్టించుకోండి. 4కే తెరై అక్షరాలు చిన్నగా ఉంటే ప్లాస్మా. ఆ మాట మీ అబ్బాయికి చెబితే, సెలవులకి వచ్చినప్పుడు ఒక పూటలో ఎక్కించేస్తాడు. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పండి. ఎక్కించాక కుర్చీలో మీరు కూర్చోవాలి, అతను పక్కన నిలబడాలి. మౌస్ మీ చేతిలోనే ఉండాలి. పిల్లలు చకచకా చేసి చూపిస్తారు, మనం తలూపుతాం, వాళ్ళు రైలెక్కగానే మర్చిపోతాం. మన చేత్తో చేసింది అలా పోదు. ఏ పని ఎలా చేయాలో మీ మాటల్లోనే ఒక నోటు పుస్తకంలో రాసుకుని మిషను పక్కనే పెట్టుకోండి.

ఇక రాత్రి తొమ్మిదింటికి అబ్బాయికి ఫోన్ చేయండి. "అన్నం తిన్నావా నాన్నా?" అని అడగడానికి.

ఈ నెల ఆవకాయ లెక్క అందులోనే రాసి, మీ వారికి చూపించి, ఏమన్నారో నాకు ఉత్తరం రాయండి. వచ్చేవారం కలుద్దాం.