చేసి చూద్దాం: మేక పుర్రె



సైన్సు గదిలో గాజు బీరువాలో ఉండే జంతువుల పుర్రెలను చూసి, ఇవి ఇంత తెల్లగా ఎలా వచ్చాయని ఎప్పుడైనా అనుకున్నారా? ఒక తమ్ముడు అనుకున్నాడు. అనుకుని ఊరుకోలేదు. పెద్దవాళ్లను అడక్కుండా ఒక మేక తలకాయను బట్టల సోడా వేసి పొద్దస్తమానం ఉడికించాడు; ఆపైన బ్లీచింగ్ పౌడరు నీళ్లలో పడేశాడు. పుర్రె తెల్లగా వచ్చింది గాని, కొన్నాళ్లకే ముట్టుకుంటే సుద్దలాగా పొడి రాలసాగింది!

తప్పు ఎక్కడ జరిగింది? ఎముక ఒట్టి సున్నపురాయి కాదు. మట్టిగోడ పెట్టేటప్పుడు బురదలో గడ్డి కలుపుతారు చూడండి, అలాగే ఎముకలో ఖనిజంతోబాటు కొల్లాజెన్ అనే మాంసకృత్తు పీచులాగా అల్లుకుని ఉంటుంది. మరిగిస్తే ఆ పీచు కరిగి జిగురైపోతుంది. బ్లీచింగ్ పౌడరు కూడా దాన్ని తినేస్తుంది. ఇక గట్టితనం ఎక్కడిది?

కనుక మనం పొయ్యి జోలికి పోవద్దు. చన్నీళ్లూ, ఓపికా ఉంటే చాలు.

మాంసం కొట్టులో తలకాయను కాల్చకుండా, చీల్చకుండా ఇమ్మని అడగాలి. తోలు, కళ్లు, నాలుక, కండ తీసే పని పెద్దవాళ్లది. మెదడును వెనుకనున్న రంధ్రంలోనుంచి నీళ్లు పోసి, వంచిన తీగతో తీయాలి. చేతులకు రబ్బరు తొడుగులు తప్పనిసరి.

తరువాత ప్లాస్టిక్ బాల్చీలో నీళ్లు పోసి, తలకాయ మునిగేలా ఉంచి, దోమలు దూరకుండా గుడ్డ కట్టి, పెరట్లో దూరంగా పెట్టండి. నీళ్లలోని సూక్ష్మజీవులే మిగిలిన కండను తినేస్తాయి. వారానికొకసారి సగం నీళ్లే మార్చాలి. అన్నీ పారబోస్తే మన పనివాళ్లు కూడా పోతారు! పారబోసేటప్పుడు గుడ్డలో వడకట్టండి, ఊడిన పళ్లు దొరుకుతాయి. వాసన మాత్రం భరించాలి సుమా! కొన్ని వారాలకు ఎముక శుభ్రపడుతుంది. కొమ్ముల తొడుగులు కూడా ఊడి వస్తాయి. అవి మన గోళ్లలాంటి పదార్థమే.

ఎముకలో జిడ్డు ఉంటే పుర్రె పసుపుపచ్చగా కనబడుతుంది. గోరువెచ్చని సబ్బునీళ్లలో నానబెట్టి, నీళ్లు తేరుకునేదాకా మారుస్తూ ఉండండి.

ఇక తెలుపు. మందుల దుకాణంలో హైడ్రోజన్ పెరాక్సైడ్ దొరుకుతుంది. సీసా మీద 6 శాతం అని ఉంటే, అంతే నీళ్లు కలిపితే 3 శాతం అవుతుంది. దానిలో పుర్రెను ఒకటి రెండు రోజులు ఉంచాలి. మూత బిగించకండి, ఆక్సిజన్ వాయువు పుట్టి గిన్నె పగలవచ్చు. ఇది కూడా పెద్దవాళ్ల ఎదుటనే చేయాలి; కళ్లలో పడరాదు. తరువాత మంచినీళ్లతో కడిగి నీడను ఆరబెట్టి, ఊడిన పళ్లను జిగురుతో అతికించండి.

ఇప్పుడు పుర్రెను చేతిలోకి తీసుకుని చూడండి. పైదవడ ముందు భాగంలో పళ్లేవీ? మేకకు అక్కడ పళ్లుండవు, గట్టి చిగురే ఉంటుంది! కిందిదవడలో ముందు 8 పళ్లు, రెండు దవడల్లోనూ కలిపి 24 నమిలే పళ్లు, వెరసి 32. మనకూ అన్నే కదూ! మేకల కాపరి "రెండు పళ్లది", "నాలుగు పళ్లది" అంటూ వయసు చెప్పేది ఆ ముందు పళ్లను చూసే. పాలపళ్లు ఊడి జతజతగా కొత్త పళ్లు వస్తాయి. 8 పళ్లూ మారితే దానికి సుమారు నాలుగేళ్లు. కంటి గూళ్లు పక్కలకు ఉన్నాయి చూశారా? మేత మేస్తూనే వెనుకనుంచి వచ్చే తోడేలును కనిపెట్టడానికన్నమాట.

రెండు మాటలు మరవకండి. పొలంలో ఏ జబ్బుతో చచ్చిందో తెలియని పశువును ముట్టుకోరాదు; ఆంత్రాక్స్ వంటి రోగాలు మనుషులకూ అంటుకుంటాయి. అడవి జంతువుల పుర్రెలు, కొమ్ములు దొరికినా ఇంటికి తేవద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు.

పుర్రెను బీరువాలో పెట్టాక, పక్కన ఒక చీటీ మీద అది ఏ జంతువుదో, ఎక్కడిదో, ఎన్ని పళ్లదో రాసి ఉంచండి. చీటీ లేకపోతే అది ఒట్టి బొమ్మ. చీటీ ఉంటే పాఠం. ఒకప్పుడు అదీ గంతులు వేసిన మేకే. దాన్ని ఆటవస్తువు చేయకుండా, నేర్చుకోవడానికి దాచుకుంటే మీరు మంచి శాస్త్రజ్ఞులే!