ఛాతీనొప్పిని ఓర్చుకోమని ఎలా రాస్తారు?

సంపాదకులకు,

గత ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో లైమ్ వ్యాధి మీద వచ్చిన వ్యాసం చదివిన దగ్గర్నుంచి నాకు మనసు మనసులో లేదు. మిగతాదంతా వదిలేయండి. పెట్టె కట్టి లావు అక్షరాల్లో వేసిన ఆ నాలుగు ముక్కల గురించే నా గొడవ. మందులు వాడుతుండగా ఉన్నట్టుండి ఛాతీలో నొప్పి వస్తే కంగారు పడొద్దట. లోపల క్రిములు చస్తున్నాయనడానికి అది గుర్తట. నిమ్మరసం తాగి ఓర్చుకుంటే రెండు మూడు రోజుల్లో అదే పోతుందట. ఎమర్జెన్సీకి పరిగెత్తితే వేల డాలర్లు దండగట! ఇది చదివి ఎవరైనా నిజంగానే ఓర్చుకుంటే ఆ పాపం ఎవరిది?

మాది న్యూజెర్సీ. పెరట్లో గోంగూర మడి, బీరపాదు లేని తెలుగువాళ్ల ఇల్లు మా వీధిలో లేదు. ఆ పెరళ్లలోకే జింకలు వస్తాయి, వాటితో లైమ్ అంటించే టిక్కులూ వస్తాయి. పిల్ల టిక్కు గసగసాల గింజంత ఉంటుంది, కుట్టినా తెలియదు. మావారికి ఒంటిమీద ఎర్రమచ్చ కూడా కనబడలేదు. మోకాలు వాచాకే సంగతి బయటపడింది. మొదటి విడత మందులతో వాపు తీసింది గానీ నీరసం, కీళ్లనొప్పులు వదల్లేదు. అలాంటప్పుడు ఎవరు ఏ దారి చూపించినా మనిషి అటు నడుస్తాడు. తెలిసినవాళ్లు చెప్పారని, దీర్ఘకాలిక లైమ్‌కి వైద్యం చేస్తామనే ఒక ప్రైవేటు క్లినిక్‌కి వెళ్లాం. ఇన్సూరెన్సు చెల్లదు, అంతా చేతి డబ్బే. నెలల తరబడి డాక్సీసైక్లిన్ మింగించారు.

ఒక రాత్రి ఆయన నిద్రలోంచి లేచి వంటింట్లో సింకు పట్టుకుని నిలబడ్డారు. రొమ్ము ఎముక వెనకాల భగభగ మండిపోతోందన్నారు. మజ్జిగ కలిపి ఇస్తే ఒక్క గుక్క దిగలేదు, మింగబోతే నొప్పి ఇంకా ఎక్కువైంది. చొక్కా చెమటతో తడిసిపోయింది. క్లినిక్ వాళ్లిచ్చిన రాత్రి నంబరుకి ఫోన్ చేస్తే, అచ్చం మీ వ్యాసంలోని మాటే చెప్పారు. మందు పనిచేస్తోందనడానికి ఇది మంచి సూచన, ఓర్చుకోమనండి అని. నేను వినలేదు. 911కి ఫోన్ చేశాను.

ఆసుపత్రిలో ఈసీజీ తీశారు, రక్తం పరీక్షించారు, గుండెకేమీ కాలేదని తేల్చారు. అప్పుడు డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరమ్మ మంచం పక్కన కూర్చుని, ఆ క్యాప్సూల్ ఏ వేళకి వేసుకుంటారు, ఎన్ని నీళ్లతో వేసుకుంటారు అని అడిగింది. పడుకోబోయే ముందు, ఒక గుక్క నీళ్లతో. తర్వాత గొట్టం వేసి చూస్తే అన్నవాహికలో పుండు. క్యాప్సూల్ అక్కడే అంటుకుని కరిగిందన్నమాట. డాక్సీసైక్లిన్ నిండు గ్లాసు నీళ్లతో మింగాలి, మింగాక అరగంటైనా నడుం వాల్చకూడదు. అంత డబ్బు తీసుకున్న క్లినిక్‌లో ఈ ఒక్క మాట చెప్పినవాళ్లు లేరు. అరపేజీ వ్యాసంలో మీరూ చెప్పలేదు. క్రిములు చస్తున్నాయనుకుని ఆయన ఓర్చుకుని, మర్నాడు రాత్రి మళ్లీ అదే క్యాప్సూల్ అలాగే మింగి ఉంటే ఏమయ్యేది?

గుండెనొప్పి కాదు కదా, ఇంత రాద్ధాంతం ఎందుకు అంటారేమో. కాదు అన్న మాట ఈసీజీ చూసిన డాక్టరు అనాలి, పత్రిక అనకూడదు. లైమ్ క్రిమి గుండెకి పాకితే పైగదుల నుంచి కిందిగదులకి వెళ్లే విద్యుత్ సంకేతం తడబడుతుంది. ఇక్కడ లెక్కకెక్కిన కేసుల్లో నూటికి ఒకరికి ఇలా అవుతుంది. అరుదే, కానీ నిమిషాల్లో ముదిరిపోగలదు. 2013లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ఇలాంటి ముగ్గురి మరణాల గురించి ప్రకటించింది. ముగ్గురూ నలభై దాటనివాళ్లే, హఠాత్తుగా పోయారు. గుండెలో లైమ్ ఉందని పోయాకే తేలింది. సకాలంలో పట్టుకుంటే సెఫ్ట్రియాక్సోన్ నరంలోకి ఎక్కిస్తారు, అవసరమైతే కొన్నాళ్లు తాత్కాలిక పేస్‌మేకర్ పెడతారు, చాలామందికి పూర్తిగా నయమవుతుంది.

క్రిములు చచ్చేటప్పుడు ఒంట్లో ప్రతిచర్య రావడం అబద్ధమని నేననను. దాన్ని జారిష్-హెర్క్స్‌హైమర్ అంటారు. లైమ్‌లో అది మందు మొదలుపెట్టిన 24 గంటల్లో చలి, జ్వరం, ఒళ్లునొప్పులుగా వచ్చి పోతుంది. నెలలు గడిచాక వచ్చిన ఛాతీనొప్పికి ఆ పేరు తగిలించడం అన్యాయం. మందుల వల్లా గుండెకి ముప్పు రావచ్చు. లైమ్‌కి కొందరికి ఇచ్చే అజిత్రోమైసిన్ గుండె లయని చెడగొట్టవచ్చని ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2013లోనే హెచ్చరించింది. దీర్ఘకాలిక లైమ్ వైద్యమని నరానికి నెలల తరబడి గొట్టం పెట్టించుకున్నవాళ్లలో కొందరికి దాని ద్వారా రక్తంలోకి ఇన్‌ఫెక్షన్ పాకి ప్రాణాలే పోయాయి. ఛాతీ పట్టుకున్న మనిషికి ఇందులో ఏది వచ్చిందో ఇంట్లో కూర్చుని ఎవరు చెప్పగలరు?

ఇంకో మాట కూడా చెప్పాలి. నిపుణులు అంటున్నారు, నిపుణులు అంటున్నారు అని వ్యాసమంతా రాశారు. ఒక్క నిపుణుడి పేరు లేదు. పక్కనే రోగనిరోధక శక్తి పెంచే పొడి ప్రకటన మాత్రం పేరుతో, ఫోన్ నంబరుతో సహా ఉంది. సినిమా సమీక్షకి పేరు వేస్తారు, వంటల పేజీకి పేరు వేస్తారు. ప్రాణానికి సంబంధించిన సలహాకి పేరక్కర్లేదా?

అన్నిటికంటే నాకు ఒళ్లు మండింది ఆ డాలర్ల మాటకి. వేసవికి ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు పిల్లల నెత్తిన బిల్లు పడుతుందని నొప్పి బయటపెట్టరు. మా అత్తగారు ఆయాసం వచ్చినా మెట్లెక్కి వచ్చానమ్మా అనేవారు. మీ పేజీని అక్షరం వదలకుండా చదివేది వాళ్లే. వాళ్లకి మీరే ఓ సాకు అందించారు.

వచ్చే ఆదివారం అదే పేజీలో, అదే పెట్టెలో, అంతే లావు అక్షరాల్లో సవరణ వేయండి. లైమ్‌కి మందులు వాడుతున్నా సరే, ఉన్నట్టుండి ఛాతీనొప్పి, ఆయాసం, గుండెదడ, కళ్లు తిరగడం వస్తే వెంటనే 911కి ఫోన్ చేయమనండి. వాడుతున్న మందులన్నీ అక్కడ డాక్టరుకి చూపించమనండి. డాక్సీసైక్లిన్ ఎలా మింగాలో రాయండి. రాసే ముందు ఒక డాక్టరుకి చూపించి, కింద ఆయన పేరు వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
ఎడిసన్, న్యూజెర్సీ