పూత అయిపోతే పారేయడమేనా?

సంక్రాంతి దాటాక మన వీధుల్లో చెత్తకుప్పల పక్కన చూడండి, వాడిన చామంతి మొక్కలు కనిపిస్తాయి. "పూలు అయిపోయాయిగా, కొత్తది కొంటే పోలా?" అంటారు. నేను మాత్రం ఒప్పుకోను.

చామంతి ఒక్క ఏడాదితో పోయే మొక్క కాదు, బహువార్షికం. పూత అయ్యాక కాడల్ని మట్టికి కాస్త పైన కత్తిరిస్తే మొదట్లోంచి పిలకలొస్తాయి. ఎండాకాలమంతా కాస్త నీడన కాపాడి, తొలకరికి పిలకల్ని విడదీసి నాటితే ఒక్క కుండీ నాలుగైదవుతుంది. రాత్రులు పొడుగయ్యేకొద్దీ మొగ్గ తొడుగుతుంది. అందుకే రాత్రంతా వీధిలైటు పడేచోట పెడితే సరిగా పూయదు.

మల్లెది ఇంకో లెక్క. చలికాలంలో నీళ్ళు తగ్గించి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరిస్తే వేసవిలో విరగబూస్తుంది. మందారానికి ఏడాది పొడవునా పూతే.

అన్నీ ఒకేసారి పూయవు. ఈ మాట మొక్కల విషయంలో తలూపే మనమే, ఒక్క సెమిస్టరు మార్కులు చూసి పక్కవాణ్ణి "వీడింతే" అని తేల్చేస్తున్నాం. పూత లేని నెలల్లో కూడా నీళ్ళు పోసేవాడికే పెరడు దక్కుతుంది. ఈ జనవరిలో ఒక్క చామంతినైనా పారేయకుండా ఉంచి చూడండి. దానికి కావలసిందల్లా ఓ కత్తెర, ఓ చెంబుడు నీళ్ళు, కాస్త ఓపిక.